కొర్రమట్టతో కొట్లాడిన మా మేనత్త

పోయిన శుక్రవారం పొద్దున మా మేనత్త చనిపోయిందని డోర్నకల్ నుంచి ఫోన్ వచ్చింది. మహబూబాబాద్‌లో బడికి బయలుదేరుతున్నదాన్ని, అట్లాగే స్టేషన్‌కు పోయి బండెక్కాను. గుండె ఆగిపోయిందని డాక్టర్ కాగితం మీద రాశాడు. అయినా ఇంటి ముందు టెంట్ కింద కూర్చున్న చుట్టాలది ఒకటే గుసగుస: "అరవై దాటినంక పోటీలేంది? నీళ్లల్ల నిలవడి నిలవడి పాణం మీదికి తెచ్చుకున్నది." ఆ మాటకు ఒళ్లు మండి ఇది రాస్తున్నాను. మా అత్తను నీళ్లు చంపలేదు. ఆమె నీళ్ల దగ్గరా బాగా బతికింది, ఇంట్లోనూ బాగానే బతికింది, మా అందరినీ తిడుతూ.

మామ రైల్వేలో పనిచేసేవాడు. ఆయన పోయాక అత్త ప్రతి ఆదివారం వెదురుకట్టె, గాలం పట్టుకొని ఊరిబయటి కుంటకు పోయేది. చిన్నప్పుడు మా తాత దగ్గర నేర్చుకున్న విద్య. బతుకుదెరువు కోసం కాదు గదా, సరదాకేనా అని ఎవరైనా అడిగితే మాత్రం కోపం వచ్చేది. "సరదా ఏంది? దానితోని నాకు పంచాయితీ ఉన్నది" అనేది.

'దానితోని' అంటే కొర్రమట్టతో. నల్లటి ఒళ్లు, పాములాంటి తల ఉన్న చేప. నీళ్లలోంచి తీసినా గంటలకొద్దీ చావదు. గట్టున పడేస్తే గడ్డిలోంచి పాక్కుంటూ మళ్లీ నీళ్లలో పడుతుంది. అందుకే మా వైపు దాన్ని పట్టగానే నెత్తిమీద కట్టెతో ఒక్కటి వేస్తారు. అత్త చేతికి అది చిన్ననాటి అలవాటు. ఎర్రటి చేపపిల్లల గుంపు తేలుతున్న చోట మాత్రం గాలం వేసేది కాదు. "తల్లి కాపలా ఉన్నది. గిప్పుడు పడితే అది గెలుపెట్లయితది?" అనేది. నేను పక్కన కూర్చొని ముచ్చట పెట్టబోతే, "నీ నోరు తర్వాత, ముందుగాల్ల నీ నీడ జరుపు" అని కసిరేది.

భూపాలపల్లి వైపు ఒక చెరువు దగ్గర సరదాగా చేపలు పట్టేవాళ్లకు గాలం పోటీ పెడుతున్నారని ఫోన్‌లో చూసి అత్తకు చెప్పింది నేనే. పట్టిన చేపను కొలబద్ద మీద పెట్టి పొడవు చూసి, ప్రాణంతో నీళ్లలో వదలాలి. ఎవరి చేప పొడవైతే వాళ్లే గెలిచినట్టు. నియమాలు రెండుసార్లు చదివి వినిపించాను.

"పట్టినంక ఇడిసిపెట్టుడేంది కోడలా? బువ్వకు పిల్సి ఇస్తారి ముంగట్నుంచి లేపినట్టు" అని నవ్వింది. నవ్వుతూనే బయలుదేరింది.

అక్కడ అందరూ టోపీలు, నల్ల కళ్లద్దాలు, చక్రం తిప్పే ఖరీదైన గాలాలు. పోటీకి దిగిన ఆడమనిషి ఈమె ఒక్కతే. "అవ్వా, చూడనీకె వచ్చినవా?" అని ఒకాయన అడిగాడు.

"చూపియ్యనీకె వచ్చిన" అన్నది.

చూపించింది కూడా. పొద్దెక్కేసరికి వెదురుకట్టె విల్లులా వంగింది. అంత పెద్ద కొర్రమట్టను ఆ రోజు ఇంకెవరూ పట్టలేదు. అది గట్టున పడీ పడగానే, నేను నోరు తెరిచేలోపే, అత్త చెయ్యి పక్కనున్న కట్టెను వెతికి పట్టుకొని ఒక్కటేసింది. కొలబద్దతో వచ్చినాయన కదలని చేపను చూసి, "సచ్చిన చేప లెక్కకు రాదవ్వా" అన్నాడు. కాసేపటికి మైకులో, "నలభై రెండో నంబరు రద్దు" అని అత్త నంబరు చదివారు. జనం గొల్లున నవ్వారు. "పులుసుకు పిలుస్తవా అవ్వా?" అని ఎవరో అరిచారు. నాకు ఏడుపొచ్చింది. అత్త బస్సులో తన కుడిచేతినే చూసుకుంటూ కూర్చున్నది. దిగేటప్పుడు, "నా చెయ్యే నన్ను ఓడగొట్టింది. ఇగ దీంతోనే కొట్లాట" అన్నది.

ఆ ఏడాదంతా కొట్లాడింది. కట్టె దగ్గర పెట్టుకోవడం మానేస్తే చెయ్యి రాయిని వెతికేది. రాళ్లు దూరంగా విసిరేస్తే పిడికిలి లేచేది. పట్టిన చేపనల్లా వదిలేస్తుంటే అత్తకు పిచ్చి లేచిందని వాడలో చెప్పుకున్నారు. చుట్టాలు బీపీ గోళీలు గుర్తుచేసి పోటీకి పోవద్దన్నారు. "నన్ను ఆపేటోడు ముందుగాల్ల ఒక్క కొర్రమట్టను పట్టి రావాలె" అన్నది. ఎవరూ పట్టి రాలేదు. మేమిద్దరం మళ్లీ పోయాం. అత్త అడిగి మరీ పాత నంబరే తీసుకున్నది.

పోటీ ముగియబోతుండగా ఒకే ఒక్క చేప పడింది. చిన్నది. అత్త కుడిచెయ్యి లేచింది. చెయ్యి గాలిలో అట్లాగే ఆగి, మెల్లగా దిగి చేప పొట్ట కిందికి పోయింది. ముప్పై ఒక్క సెంటీమీటర్లు. నీళ్లలో వదలగానే తోక కొట్టి వెళ్లిపోయింది.

చివర మైకులో మొదటి మూడు పేర్లే చదివి, అందరూ సామాన్లు సర్దుకుంటున్నారు. అత్త తడి చీరతో నేరుగా మైకు దగ్గరికి నడిచింది.

"నా నంబరు సదువు."

"అవ్వా, మొదటి ముగ్గురియే సదువుతమే."

"పోయినేడు రద్దన్నప్పుడు నేను మొదటి ముగ్గుర్ల ఉన్ననా? అప్పుడు సదివినవు గద. గిప్పుడు గూడ సదువు."

ఆయన కాగితం తిరగేసి చదివాడు. "నలభై రెండో నంబరు. కొర్రమట్ట. ముప్పై ఒక్క సెంటీమీటర్లు." ఎవరూ నవ్వలేదు. ఆ మాట చెరువు మీదుగా పోయి అవతలి గుట్టకు తగిలి మళ్లీ వచ్చింది. అత్త తల కాస్త పక్కకు వంచి, రెండోసారి కూడా మొత్తం విన్నది.