మా వదిన తుపాకుల ఆట

మొన్న ఆదివారం మా కాలనీ కమ్యూనిటీ హాలులో ఆడవాళ్ల కోసం ఒక అవగాహన సదస్సు పెట్టారు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లు వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోతే, మిషను మీద గుడ్డ కప్పి నేనూ వెళ్లాను. మంచిర్యాల నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. ఫోన్లలో తుపాకుల ఆటలు ఆడితే మనిషిలో రాక్షసుడు నిద్ర లేస్తాడని, ఇవాళ ఆటలో కాల్చినవాడు రేపు నిజంగా కాలుస్తాడని, నీళ్లు తాగుతూ తాగుతూ చాలాసేపు చెప్పాడు. చివర్లో, ఇలాంటి ఆటలు మా ఇంటి గడప తొక్కనివ్వమని అందరూ చేతులెత్తి ప్రమాణం చేయండి అన్నాడు. హాలంతా చేతులు లేచాయి. నేను ఎత్తలేదు. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచింది, అయినా ఎత్తలేదు. ఎత్తితే మా వదినకు ద్రోహం చేసినదాన్ని అవుతాను.

వదిన అంటే మా అన్న భార్య. అన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. జబ్బు చేసి ఆయన పోయాక ఆ నౌకరీ వదినకు వచ్చింది. పిల్లలు లేరు. మొదటి షిఫ్టు దిగి క్వార్టరుకు వచ్చి, ఒళ్లంతా పట్టిన మసి కడుక్కుని, ఇంత తిని, చెవుల్లో తీగలు పెట్టుకుని మంచం మీద బోర్లా పడుకునేది. ఇక ఆమె ఈ లోకంలో ఉండేది కాదు, ఏదో దీవిలో తుపాకీ పట్టుకుని తిరిగేది. అన్న లేని ఇంట్లో దిగులు మరవడానికి ఆడుతోందని నేను తెగ జాలిపడ్డాను. ఒకసారి ఆ మాటే అడిగితే, "అదేం లేదు పిల్లా, మస్తు మజా వస్తది" అంది. ఆటలో ఆమె జట్టువాళ్లు ఏ బీహారు వాళ్లో, పూణె వాళ్లో. వదినకు హిందీ అంతంత మాత్రం. అందుకని, "అరే తమ్మీ, ఎనకకెల్లి వస్తున్నడు, నీ కండ్లు యాడ పెట్టినవ్ రా!" అని అచ్చంగా మన భాషలోనే కేకలేసేది. అవతలివాడికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ గొంతుకు జడిసి వెనక్కి తిరిగేవాడట. ఆ ఆట ధ్యాసలో పప్పు మాడ్చిన మాట నిజం, కళ్లు ఎర్రబడ్డ మాట నిజం. అవి నేను కాదనను. కానీ అంతమందిని కాల్చిన మనిషి వంటింట్లో ఎలుక బోనులో పడితే చంపలేక, దాన్ని బోనుతో సహా గని తవ్విపోసిన మట్టిగుట్టల దాకా మోసుకుపోయి వదిలివచ్చింది. "దానికి పిల్లలుంటయేమోనే" అంది.

ఆ మాటకొస్తే మా దగ్గర నిజం పేలుళ్లకే కొదవ లేదు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో మందు పెట్టి బ్లాస్టింగు చేస్తే గోడ మీద దేవుళ్ల పటాలు కదిలేవి, అల్మారాలో గిన్నెలు గలగలమనేవి. ఆ చప్పుడు విని ఎవరూ లేచి పక్కింటివాళ్లను బాదలేదు. పటం సర్దుకుని మళ్లీ అన్నం ముందు కూర్చున్నారు, అంతే.

నన్ను మందమర్రిలో ఇచ్చారు. మా ఆయనకు బజారులో ఫ్యాన్లూ మోటర్లూ అమ్మే దుకాణం. తాగడు, పేక ముట్టడు, సినిమాకైనా పోడు, చేతిలో బటన్ల ఫోను. చుట్టాలంతా బుద్ధిమంతుడంటే ఆయనే అనేవారు. ఆ బుద్ధిమంతుడు కూరలో ఉప్పు తక్కువైతే కొట్టేవాడు, ఎక్కువైతే కొట్టేవాడు, సరిపోతే ఇవాళేమిటి విశేషమని కొట్టేవాడు. ఒకనాడు చెవిలోంచి రక్తం వచ్చింది. కట్టుబట్టలతో బస్సెక్కి వదిన దగ్గరికి వచ్చేశాను. ఆమె నన్ను ముందు దవాఖానకు తీసుకుపోయింది.

రెండు రోజులకు ఆయన వచ్చాడు. చాయ్ తాగాడు, మెత్తగా మాట్లాడాడు. నేను రానన్నాను. అంతే, జడ చేతికి చుట్టుకుని వాకిలి దాకా ఈడ్చాడు. వదిన లోపలి గదిలో ఆటలో ఉంది. నా కేక విని చెవుల్లో తీగలు ఫోను నుంచి కూడా ఊడిపోయేలా పీకేసి ఒక్క ఉరుకున వచ్చింది. గుమ్మం పక్కన ఆమె డ్యూటీ బూట్లుంటాయి, వేళ్ల మీద రాయి పడినా చితక్కుండా ముందు భాగంలో ఇనుము ఉండేవి. అందులో ఒకటి తీసి ఒక్కటేసింది. ఆయన గడప మీద కూలబడ్డాడు, కనుబొమ్మ పైన కుట్లు పడ్డాయి. జనం మూగారు. లోపల మంచం మీద ఫోనులోంచి తుపాకుల మోత ఇంకా వస్తూనే ఉంది. వచ్చినవాళ్లు నా జుట్టు చూడలేదు, ఆ మోత విన్నారు.

మా దగ్గర మొగుడూపెళ్లాల తగువైనా యూనియన్ లీడరు దగ్గరికే పోతుంది. అందరం ఆయన్ను కాకా అనేవాళ్లం. కంపెనీతో ఒప్పందాలు చేసీ చేసీ ఆయనకు ఒక పద్ధతి పట్టుబడింది. రెండు పక్షాలూ నొచ్చుకోకుండా, నోరు తెరిచి ఎదురుచెప్పలేని దాని మీదికి తప్పు తోసెయ్యడం. ఆ రోజు నోరులేనిది ఫోనొక్కటే. కుట్లు వేయించుకుని వచ్చిన మా ఆయన్ను పక్కన పెట్టుకుని, మా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని వదినతో అన్నాడు: "చూడు బిడ్డా, అల్లుడు కేసు పెడ్త అంటున్నడు. కేసైతే నీ నౌకరి మీదికొస్తది. నువ్వొక్క మాట అను. గేమ్ ఆడీ ఆడీ దిమాక్ ఖరాబైంది, తెల్వక కొట్టిన అను. అల్లుడు పిల్లను తీస్కపోతడు. అందరికి మంచిది."

అందరికీ అన్నప్పుడు నన్ను లెక్కలో వేసుకోలేదని అక్కడ ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే నేను ఆయనతో పోదామనే అనుకున్నాను. అన్న వదిలిపోయిన ఆ నౌకరీ తప్ప వదినకు ఇంకేముంది? నా మూలాన అది పోతే ఏ మొహంతో ఆమె ఇంట్లో తినను? చెప్పేసెయ్యి వదినా, ఆ ఒక్క మాట అనేసెయ్యి అని లోలోపల బతిమాలుకున్నాను.

వదిన కొంగు బొడ్లో దోపుకుంది. "గేమేం జేసింది కాకా? నేనే కొట్టిన. మంచిగ తెల్సే కొట్టిన. గేమ్ల సచ్చినోడు మల్ల లేస్తడు. గీ పిల్ల సస్తే లేస్తదా? మల్ల జుట్టు పట్టుకుంటె మల్ల కొడ్త."

కాకా తల పట్టుకున్నాడు. "సూసిండ్రా, ఎట్ల మాట్లాడుతున్నదో? ఆ గేమే మాట్లాడిస్తున్నది."

అక్కడ నాకు ఒళ్లు మండింది. అంతవరకూ నలుగురిలో నోరెత్తి ఎరగను. పోయి మా ఆయన చొక్కా జేబులోంచి ఆ బటన్ల ఫోను లాగి, తీసుకెళ్లి కాకా అరచేతిలో పెట్టాను. "మరి గీ ఫోన్ల ఏ గేమున్నదో సూడు కాకా. ఏం ఆడి నేర్సుకున్నడు ఈయన నన్ను కొట్టుడు?"

కాకా ఆ ఫోనును అటూ ఇటూ తిప్పి చూశాడు. నిజంగానే చూశాడు, పాపం. వెనకాల ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. మా ఆయన ఫోను లాక్కుని, బండి స్టార్టు చేసుకుని పోయాడు.

అన్నట్టుగానే కేసు పెట్టాడు. నేనూ పెట్టాను. వదిన డ్యూటీ దిగి స్టేషను చుట్టూ కొన్నాళ్లు తిరిగింది. అడిగిన ప్రతిసారీ ఆ ముక్కే చెప్పింది, తెలిసే కొట్టానని. ఆ రోజుల్లో ఆమె నౌకరీ ఉంటుందో ఊడుతుందో తెలియక నాకు అన్నం సయించేది కాదు. ఆమె మాత్రం తిని, ఆట ఆడుకుని, పడుకునేది. చివరికి నౌకరీ నిలిచింది. నేను మందమర్రి మళ్లీ పోలేదు.

మా నాయన కాలంలో ఆడదాని ఒంటి మీద వాతలు కనబడితే కల్లు చేసిన పని అనేవారు. నాకు ఊహ తెలిసేసరికి నేరం సినిమాల మీదికి పోయింది, కొన్నేళ్లకు టీవీ మీదికి, ఇప్పుడు ఫోను వంతు వచ్చింది. రేపు ఇంకేదో పుట్టుకొస్తుంది, తప్పు దాని నెత్తిన రుద్దుతారు. ఇన్ని కాలాలు మారాయి కానీ, కొట్టినవాడి వంతు మాత్రం ఇంకా రాలేదు.