చేతుల మీద కూర్చునే అన్న

చదువుకోడానికి వచ్చిన దేశంలో, టార్నీట్ అనే నగర శివారులో మా అద్దె ఇంట్లో ఉండే కాకినాడ అన్నకు ఒక అలవాటు ఉండేది. పాడైన వస్తువు ఏది ముందు పెట్టినా, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. "చెయ్యి తొందరపడుద్దిరా, అందుకే," అనేవాడు.

ఆరోజు రెండింటికి నాకు యూనివర్సిటీ వైవా, నోటి పరీక్ష, వీడియో కాల్‌లో. అది పోతే సబ్జెక్టు మళ్లీ చదవాలి. పొద్దున చూస్తే లాప్‌టాప్ మైకు పనిచేయడం లేదు. లాప్‌టాప్‌ను నడిపే లినక్స్ చూపించే పరికరాల జాబితాలో దాని పేరు ఉంది, నా గొంతు మాత్రం వెళ్లడం లేదు. నెట్‌లో దొరికిన కమాండ్లన్నీ కొట్టి, చివరికి లినక్స్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కిద్దామని పెన్‌డ్రైవ్ గుచ్చాను.

గిన్నెలు కడుగుతున్న అన్న వచ్చి పక్కన కూర్చున్నాడు, చేతుల మీద.

"పేరు కనపడతంది కదా. మైకు బానే ఉండుంటది. నిన్నట్నుంచీ ఏం చేశావో వరసగా చెప్పు."

చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను. నిన్న పక్క గదివాడి హెడ్‌సెట్‌తో ప్రాక్టీస్ చేస్తూ, మా కుక్కర్ కూతలు వినపడకూడదని లోపలి మైకును మ్యూట్ చేసింది నేనే.

"మరి తియ్యి," అన్నాడు. తను మాత్రం లాప్‌టాప్‌ను తాకలేదు.

వైవా పాసయ్యాను. ఆరోజు మ్యూట్ తీశాక మైకు పరీక్షించడానికి చేసిన రికార్డింగ్ ఇప్పటికీ నా దగ్గరుంది. "అన్నా, వినపడుతోందా?" అని నా గొంతు. ఆ వెనకే కుర్చీ కిర్రుమన్న చప్పుడు ఒక్కటే, అన్న చేతులు బయటికి తీసుకున్నప్పటిది.