ఇంజనుకి ఎర్రనీళ్ళు

నా చిన్నప్పుడు, ఎనభైల మొదట్లో, అమెరికాలోని పిస్కాటవేలో మా పక్కింట్లో ఒక అమెరికన్ పెద్దాయన ఒంటరిగా ఉండేవారు. నేను అంకుల్ అనేదాన్ని. ఒకరోజు ఆయన కంచె అవతలి నుంచే మా అమ్మమ్మని పిలిచి, "షీ ఈజ్ కమింగ్ హోమ్!" అన్నారు. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళి యూరప్‌లోనే ఉండిపోయిందట, ఇన్నేళ్ళకి ఓడలో వస్తోందట. శనివారం ఎదురెళ్ళడానికి తను తప్ప ఇంకెవరూ రారేమోనని ఆయన దిగులు.

అమ్మమ్మ కాకినాడలో ఇంగ్లీషు టీచరుగా రిటైరై, మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. ఆడమనిషైతేనే షీ, ప్రాణం లేనిదైతే ఇట్ అని బెత్తం పట్టుకుని నేర్పిన మనిషి. వచ్చేది ఎవరో నర్సయి ఉంటుందని తీర్మానించేసింది. "అంత దూరం నుంచి వచ్చే ఆడకూతురికి ఎదురెళ్ళే దిక్కు లేకపోవడమేమిటే!" అని పసుపునీళ్ళలో తన కిళ్ళీ డబ్బాలోని సున్నం కలిపి, ఆ ఎర్రనీళ్ళు సీసాలో పోసుకుని, పళ్ళెం పట్టుకుని ఆయన కారెక్కింది. నేనూ ఎక్కాను.

తీరా చూస్తే, రైల్వే మ్యూజియం యార్డులో క్రేను దింపుతున్నది ఒక నల్లటి ఆవిరి ఇంజన్ని! యుద్ధంలో అంకుల్ బొగ్గు వేసింది దానికేనట. పనివాళ్ళు కాక వచ్చినవాళ్ళం మేమే. నాకు నవ్వు ఆగలేదు. అమ్మమ్మ ఒక్క క్షణం తెల్లబోయి, కొంగు బొడ్లో దోపి, "వేర్ ఈజ్ హర్ ఫేస్?" అని ఆయన్ని అడిగింది. వ్యాకరణం అక్కడే వదిలేసింది. అంకుల్ టోపీ తీసి, ఎంతో శ్రద్ధగా ముందు లైటు చూపించారు.

"ఇంజనుకి దిష్టేంటి అమ్మమ్మా?" అన్నాను.

"నరదృష్టికి నల్లరాయే పగులుతుంది, ఇనుమెంత!" అని ఎర్రనీళ్ళు పోసిన పళ్ళెం ఆ లైటు ముందు మూడుసార్లు తిప్పింది.

దూరం వెళ్ళి క్షేమంగా ఇల్లు చేరినవాళ్ళకి ఇలా చేస్తామని అంకుల్‌కి తనే చెప్పింది. ఆయన ఇంజను చక్రం మీద చెయ్యి వేశారు. తను యుద్ధం నుంచి వచ్చి రైలు దిగిన రోజు స్టేషన్‌లో తన కోసం ఎవరూ లేరని మెల్లగా అన్నారు.

అమ్మమ్మ సీసాలో మిగిలిన నీళ్ళు పళ్ళెంలో ఒంపి, ఆయన్ని ఇంజను పక్కనే నిలబెట్టి, ఆయనకీ దిష్టి తీసింది. "ఆలస్యమైతేనేం, వచ్చారుగా," అంది నాతో. ఆయన పెద్దగా నవ్వేశారు, కళ్ళు మాత్రం తడిశాయి. అంతసేపూ నవ్విన నాకు ఏడుపొచ్చింది.

నాకిప్పుడు యాభై దాటింది. ఎవరో తిరిగొస్తున్నారని తెలిస్తే చాలు, అందరికంటే ముందు వెళ్ళి నిలబడతాను. వచ్చేది ఎవరో, ఏమిటో తర్వాత కనుక్కుంటాను.