చుక్కపిల్ల చెవి

బలిఘట్టం దాటాక, వరాహ నది ఒడ్డున గున్నమ్మకి అరవై సెంట్ల పొలం చెక్క, రెండు గదుల రేకుల ఇల్లు, ఒక మొగుడు, ఒక మేక. ఈ నాలుగింటిలో తన మాట వినేది మేక ఒక్కటేనని ఆమె ఫిర్యాదు. మొగుడు కొండబాబు ఆ మాటకి నవ్వి ఊరుకుంటాడు. నర్సీపట్నంలో సిమెంటు కొట్టులో బస్తాలు మోసి వచ్చే మనిషికి నవ్వడం కంటే పెద్ద ఓపిక ఎక్కడుంటుంది?

కిందటేడు ఆ మేక రెండు పిల్లల్ని ఈనింది. ఒకటి నల్ల పెంటి, రెండోది ఎర్ర పోతు, నుదుటి మీద తెల్ల చుక్క. చుక్కపిల్ల బక్కది. పొదుగు దగ్గర నల్లది దాన్ని తోసి పారేస్తుంటే గున్నమ్మే సీసాకి పాలపీక తగిలించి తాగించింది. పాలు అయిపోయినా అది వదలదు, ఆమె చీరకొంగు నోట్లో పెట్టుకుని చప్పరించేది. తెల్లారేసరికి మంచమెక్కి కొండబాబు పొట్ట మీద గెంతేది.

"ఇన్నేళ్ళలో నువ్వెప్పుడైనా నన్నింత ప్రేమగా లేపావేటే?" అని అతను పెళ్ళాన్ని అడిగేవాడు.

"నాకు నాలుక్కాళ్ళు నేవు మరి," అనేది గున్నమ్మ.

ఆషాఢంలో ఆమె మోకాలు వాచిపోయింది. గట్లంట తిరిగి మేపడం తనవల్ల కాదని, మేకనీ పిల్లల్నీ చెల్లెలు సోమలమ్మకి పాలికిచ్చింది. మేపేది చెల్లెలు, ఇకముందు పుట్టేవి చెరిసగం, ఇప్పుడున్న రెండు పిల్లలూ గున్నమ్మవే. కొయ్యూరు దారిలో చెల్లెలి ఊరు. తల్లి పోయేనాటికి సోమలమ్మకి నాలుగేళ్ళు, గున్నమ్మకి పదమూడు. తల దువ్వి, గంజి తాగించి, పెంచి పెళ్ళి చేసింది గున్నమ్మే. తనకి పిల్లలు లేరన్న దిగులు సోమలమ్మ మొహం చూసి మరిచిపోయేది.

పాలికిచ్చేటప్పుడు ఒక కట్టుబాటు ఉంది. ముందే పిల్లల కుడిచెవి కొసన ఇంటి గుర్తుగా రెండు గాట్లు పెడతారు. పిల్ల చస్తే మేపినవాళ్ళు ఆ చెవి కోసి తెచ్చి చూపించాలి. చెవి చూశాక సొంతదారు మరో మాట అడగకూడదు. అడిగితే ఎదుటి మనిషిని దొంగ అన్నట్టే.

భాద్రపదంలో ఒకరోజు సోమలమ్మ ఏడుస్తూ ఆటో దిగింది. చేతిలో అడ్డాకు పొట్లం.

"అప్పా, సుక్కపిల్ల సచ్చిపోనాదే. సిటుకు రోగమంట. పొద్దున గెంతింది, మజ్జానానికి నేదు."

కొండబాబు పొట్లం విప్పి చూశాడు. "ఆకంతా నెత్తురేటి? సచ్చాక కోత్తే ఇంత నెత్తురొత్తాదా?"

"నోరు ముయ్యి! అది ఏడుత్తంటే నెత్తురు లెక్కెడతన్నావా?" అని గున్నమ్మ మీదపడింది.

చచ్చినదాని చెవి కోస్తే నెత్తురు కారదని ఆమెకి తెలియక కాదు. పుట్టిందే మేకల మధ్య. ఆకులో నెత్తురు ఆమె కళ్ళూ చూశాయి. కానీ ఆమె ఆకుని నమ్మలేదు, చెల్లెలి మొహాన్ని నమ్మింది. చెవిని మునగచెట్టు మొదట్లో పాతిపెట్టి, సోమలమ్మకి అన్నం పెట్టి, దాచుకున్న కొత్త చీర చేతిలో పెట్టి పంపింది. ఆ వారమంతా కొంగు చూసుకుని ఏడ్చింది.

కార్తీకానికి మోకాలు తగ్గింది. చెల్లెలికి ఇష్టమని చోడిపిండి మూటగట్టుకుని, కబురైనా చేయకుండా బయలుదేరింది. సోమలమ్మ వాకిట్లో అడుగుపెట్టిందో లేదో, ఒంటిచెవి ఎర్ర మేకపిల్ల ఒకటి గెంతుకుంటూ వచ్చింది. నుదుటి మీద తెల్ల చుక్క. వచ్చి, ఆమె కొంగు నోట్లో పెట్టుకుని చప్పరించింది.

సోమలమ్మ చేటతో బయటికొచ్చి అక్కడే ఆగిపోయింది. "అది... అది యేరేదప్పా."

గున్నమ్మ వంగి ఆ లేని చెవి చోటు తడిమింది. గాయం మాని గట్టిపడి ఉంది. బతికున్న పిల్లని పట్టుకుని, అరుస్తుంటే కోసిందన్నమాట. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని వినడమే గానీ, తను అన్నం పెట్టి పెంచిన చెల్లెలే లెక్కపెడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఎందుకే?"

"మా ఆడపడుసు కొత్తిల్లు ఇంకా కడతన్నారు. గృహప్రవేశానికి మేకపోతు నేనిత్తానని నలుగుర్లో అనేశాను."

"నన్నడిగితే ఇవ్వకపోదునా?"

"ఇత్తువు. చిన్నప్పట్నుంచీ అన్నీ నువ్విచ్చినవే. అది కూడా మీ అప్ప ఇచ్చిందేనా అని ఆళ్ళు నవ్వుతారు. ఒక్కటైనా నాదనిపించుకుందామని..."

గున్నమ్మ ఇక వినలేదు. చుక్కపిల్లని చంకనెత్తుకుని వచ్చేసింది. తల్లినీ నల్లదాన్నీ కూడా తోలుకొస్తే అత్తవారింట్లో చెల్లెలి పరువు పోతుందని వదిలేసింది. ఆ మాత్రం కనికరం ఇంకా మిగిలినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. కొండబాబు "ఆవేళే అన్నాను" అనలేదు. చుక్కపిల్ల తల మీద చెయ్యేసి కూర్చున్నాడు.

మాఘంలో సోమలమ్మ మళ్ళీ వచ్చింది. లోపలికి రాకుండా దడి దగ్గరే నిలబడింది. చేతిలో అడ్డాకు పొట్లం.

"అప్పా, నల్లది పోయిందే. ఈసారి నిజంగానే."

గున్నమ్మ పొట్లం విప్పింది. రెండు గాట్ల నల్ల చెవి. వెలుగులో పెట్టి చూసింది, వేళ్ళతో నొక్కింది. ఆకు మీద ఎక్కడా నెత్తుటి చుక్క లేదు. చచ్చాక కోసిన చెవే. చెల్లెలు నిజమే చెబుతోందని ఆమె వేళ్ళకి తెలిసిపోయింది. అదివరకటిలా అక్క దగ్గరికి తీసుకుంటుందేమోనని సోమలమ్మ ఎదురుచూస్తోంది.

గున్నమ్మ ఆకు మడిచింది.

"ఎక్కడ పాతావు?"

సోమలమ్మ మొహం పాలిపోయింది. "సెవి సూసినావు కదప్పా."

"సూసినాను," అంది గున్నమ్మ, మూలనున్న గునపం అందుకుంటూ. "పద. తవ్వి సూపించు."