లంచ్ గంటలో రింగాట

ఎనభైల మొదట్లో నేను తగరపువలస నుంచి రోజూ విశాఖపట్నం వెళ్లి ఉద్యోగం చేసేదాన్ని. పోర్టు దగ్గర, ఓడల మీద వచ్చే సరుకుల వ్యవహారం చూసే ఒక చిన్న ఆఫీసులో టైపిస్టుని. తెల్లవారకముందే లేచి, వంట చేసి, ఇద్దరు పిల్లల్నీ మా అత్తకి అప్పజెప్పి, హైవే మీదకొచ్చి బస్సెక్కేదాన్ని. మధురవాడ దాటేసరికి కూర్చోడానికి చోటు దొరికితే ఆ రోజు అదృష్టం బాగున్నట్టే. సిటీలో దిగి మళ్లీ టౌను బస్సు. ఆఫీసులో సాయంత్రం దాకా కుర్చీ. తర్వాత అదే దారిన వెనక్కి. పెళ్లినాటి జాకెట్లు కుట్లు విప్పించుకున్నా పట్టని రోజులవి.

ఒక సాయంత్రం టౌను బస్సు ఆలస్యమైంది. నేను బస్టాండులో అడుగుపెట్టేసరికి మా ఊరి బస్సు కదులుతోంది. పరుగెత్తాను. కండక్టరు వెనక మెట్టు మీద నిలబడి నన్ను చూస్తూనే ఉన్నాడు, చెయ్యి కూడా చాపాడు. బస్సు అంత జోరుగా ఏమీ పోవడం లేదు. అయినా అందుకోలేకపోయాను. అక్కడున్న సిమెంటు దిమ్మ మీద కూలబడ్డాను. గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది. అప్పటికి నాకు ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు.

హైస్కూల్లో నేను రింగాట ఆడేదాన్ని. మా డ్రిల్లు టీచరు దాన్ని టెన్నికాయిట్ అనేది. నెట్టుకి అటొకరు ఇటొకరు నిలబడి, రబ్బరు రింగుని ఒంటి చేత్తో పట్టుకుని, పట్టిన చేత్తోనే ఆగకుండా తిరిగి విసరాలి. అందులో నన్ను జిల్లా పోటీలకి కూడా తీసుకెళ్లారు. ఆ పిల్లా, ఆ దిమ్మ మీద రొప్పుతున్న ఈ మనిషీ ఒకటేనా అనిపించి నా మీద నాకే ఒళ్లు మండింది.

ఇంటికి వెళ్లేసరికి మా అత్త గుమ్మంలోనే ఉంది. అత్త అంటే మా నాన్న సొంత అక్క. నన్ను ఉయ్యాల్లో ఉన్నప్పట్నించీ ఎరిగిన మనిషి.

"ఏటే గుంటా, ఇంత ఆలీసం?"

"బస్సు ఎల్లిపోనాది అత్తా. పరిగెట్టినాను గాని అందలేదు."

"పరిగెట్టడానికి నువ్వేటి సిన్నపిల్లవా?"

"సిన్నపిల్లని కాను, ముసల్దాన్నీ కాను కదా. రేపట్నించి ఎక్సర్‌సైజు సేత్తాను."

"అదేటి మళ్లీ కొత్తగా! నూతిలో నీళ్లు తోడతన్నావు, పప్పు రుబ్బుతన్నావు. అంతకి మించిందేటున్నాది?"

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ నీళ్లు తోడితే నాకు నడుం నొప్పి వచ్చేది తప్ప ఊపిరి పెరిగేది కాదు. ఏదో ఒకటి చేసి తీరాలన్న పట్టుదల మాత్రం వదల్లేదు.

పొద్దున్న వీలయ్యే మాట కాదు. అందుకని సాయంత్రం ఊరికి ముందు స్టాపులో దిగి మిగతా దారి నడవాలనుకున్నాను. మొదటిరోజు దిగి నాలుగడుగులు వేశానో లేదో, వెనకనుంచి ఎడ్లబండి వచ్చి ఆగింది. మా ఊరి పెద్దాయనే.

"బస్సోడు దింపీసినాడేటమ్మా? ఎక్కు, ఎక్కు."

"లేదు బావూ, ఊరికే నడుత్తన్నాను."

"ఊరికే నడవడమేటి? ఇంట్లో ఏటైనా గొడవేటి?"

ఎంత చెప్పినా వినలేదు. బండి నా పక్కనే, నా నడకకి సరిగ్గా, ఇంటిదాకా నడిపించుకొచ్చాడు. మర్నాడు మా ఆయన స్నేహితుడు సైకిలు మీద వెళుతూ చూశాడు. నాకంటే ముందే మా ఇంటికి వెళ్లి, "బావా, నీ ఇంటిది రోడ్డంట ఒక్కత్తీ నడిసొత్తంది. ఇద్దరూ ఏటైనా మాటా మాటా అనుకున్నారేటి?" అని అడిగాడట. మా ఆయన నాకు మేనబావ, ఊళ్లో జూట్ మిల్లులో పని. ఆ మాట చెప్పి పడీ పడీ నవ్వాడు. నవ్వడం అయ్యాక మాత్రం నెమ్మదిగా అన్నాడు:

"ఊరోళ్ల మాట ఒగ్గీ. లారీలు సూత్తన్నావు కదా, ఎలగ పోతన్నాయో. సీకట్లో ఆ రోడ్డు మీద నువ్వు నడుత్తంటే నాకు బయిమేత్తది."

లారీల సంగతి నాకూ తెలుసు. ఆ నడక అక్కడితో మానేశాను.

ఆ తర్వాత కొన్నాళ్లకి మా ఆఫీసులో ఒక కొత్తమ్మాయి గుమాస్తాగా చేరింది. జాలరిపేట పిల్ల. వాళ్ల నాన్నకి పడవ ఉంది. డిగ్రీ చదివింది, మాట గట్టిది, నవ్వు అంతకంటే గట్టిది. నన్ను మొదటిరోజు నుంచే అక్కా అని పిలిచింది. ఒకరోజు ఏవో పాత కాగితాల కోసం ఇద్దరం స్టోరు గదిలోకి వెళ్లాం. అక్కడ పంపుల పైపులకి వేసే రబ్బరు వాషర్లు గుట్టగా పడున్నాయి. అందులో పెద్దదొకటి తీసి వేలు మీద తిప్పుతూ, "అక్కా, పట్టుకో!" అని విసిరింది.

నేను ఆలోచించలేదు. నా ఎడమ చెయ్యి దానంతటదే పైకి లేచి వాషర్ని పట్టుకుంది, పట్టిన ఊపులోనే వెనక్కి విసిరింది. ఆ పిల్ల తడబడి పట్టుకుని నోరు తెరిచింది.

"ఓలమ్మా! అక్కా, నీకు రింగొచ్చేటి?"

"ఒకప్పుడు ఒచ్చేది."

"నాను కాలేజీ టీములో ఆడినాను! ఇన్నాళ్లూ సెప్పవేటి?"

కాగితాలు వెతకడం మరిచిపోయి, ఆ దుమ్ములో కాసేపు అటూ ఇటూ విసురుకున్నాం. బయటికి వచ్చేసరికి నా చీర నిండా బూజు, మొహం నిండా చెమట. అంత సంతోషం నాకు ఎన్నాళ్లకో కలిగింది.

సమయం ఎక్కడుందో ఆ రోజే తెలిసింది. లంచ్ గంటలో ఉంది. అప్పటిదాకా ఆ గంటని క్యారేజీ విప్పడానికీ, కబుర్లకీ, కళ్లు మూసుకుని బల్ల మీద తల వాల్చడానికీ ఖర్చు పెట్టేశాం. మర్నాటినుంచి సగం తిండి లంచ్‌కి ముందు టీ తాగే వేళలోనే కానిచ్చేశాం, మిగతా సగం ఆట అయ్యాక. మా ఆఫీసుకీ పక్క గోడౌనుకీ మధ్య సిమెంటు చేసిన జాగా ఒకటి ఉండేది. ఆ వేళకి సరుకులు మోసే కళాసీలు కూడా భోజనాలకి వెళ్లిపోతారు, లారీలు రావు, గోడ నీడ పడుతుంది. వాషరు మరీ బరువని ఆ పిల్ల ఇంటినుంచి అసలైన రింగు తెచ్చింది. నెట్టు లేదంటే వాళ్ల నాన్న పారేసిన చిరుగుల వల పట్టుకొచ్చింది. దాన్ని ఒకవైపు నీళ్ల పైపుకీ, ఒకవైపు కిటికీ ఊచకీ కట్టాం. ఎండు చేపల వాసన గుప్పుమనేది. చెప్పులు విడిచి, కొంగు బిగించి, దిగాం.

మొదటి వారం నేను పట్టినవాటికంటే వదిలేసినవే ఎక్కువ. మణికట్టు వాచింది. మధ్యాహ్నం టైపు చేస్తుంటే చిటికెన వేలు పడాల్సిన అక్షరాలన్నీ మసకగా పడేవి. రాత్రి అత్త ఆముదం కాచి రాస్తూ, "ఏటి సేసుకున్నావే?" అంటే చెప్పేశాను. "ఇద్దరు పిల్లల తల్లివి, మగోళ్ల మద్దిన కొంగు సెక్కి గెంతులేటి?" అంది. కానీ రాయడం ఆపలేదు.

నెల తిరిగేసరికి తేడా నాకే తెలిసింది. మూడు గంటల వేళ కమ్ముకొచ్చే నిద్ర పోయింది. సాయంత్రం బస్సులో ఊరిదాకా నిలబడినా కాళ్లు లాగేవి కావు. ఇంటికెళ్లాక పిల్లల మీద విసుక్కోవడం తగ్గిందని మా ఆయనే అన్నాడు.

ఇంతలో సూపరింటెండెంటు నుంచి పిలుపొచ్చింది. ఆయన కృష్ణా జిల్లా మనిషి, చాదస్తం ఉన్నా మంచివాడే. ఇద్దరం వెళ్లి నిలబడ్డాం.

"ఏంటమ్మా ఇది? కిటికీలకి చేపల వలలు కట్టడమేంటి, ఆ గెంతులేంటి? గోడౌను కళాసీలంతా భోజనాలు మానేసి మరీ నిలబడి చూస్తున్నారంట."

పక్కనున్న పిల్ల తల వంచుకుంది. నాకు మాత్రం భయం వెయ్యలేదు.

"సార్, మన స్టాఫు లంచ్‌లో క్యారమ్స్ ఆడుతున్నారు కదా. మేమూ ఆడుతున్నాం."

"అది లోపల ఆడేది."

"రింగు కూడా లోపలే ఆడతాం సార్, మీకు అభ్యంతరం లేకపోతే. కాకపోతే ఫ్యాన్ రెక్కలు విరుగుతాయి."

ఆయన తల పైకెత్తి తన ఫ్యాను వంక చూశాడు. పెదవులు బిగించుకున్నాడు గాని నవ్వు ఆగలేదు.

"గంట కొట్టాక ఒక్క నిమిషం ఆలస్యమైనా ఒప్పుకోను."

"మధ్యాహ్నం నా టైపులో తప్పులు ఎక్కువయ్యాయో తగ్గాయో మీరే చూడండి సార్. ఎక్కువైతే మేమే మానేస్తాం."

"తగ్గాయిలే. అది చూశాను," అన్నాడాయన ఫైలు మీదకి వంగుతూ. "ఆ వలొకటి మార్చండమ్మా. వాసనకి అన్నం తినలేకపోతున్నాను."

వల మార్చాం. వీధి మూలనున్న రెండు ఆఫీసుల ఆడవాళ్లు ముందు చూడ్డానికి వచ్చారు, తర్వాత ఆడడానికి వచ్చారు. ఒకావిడ నాకంటే పదేళ్లు పెద్ద. ఆవిడ రింగు పట్టినప్పుడల్లా తనే చప్పట్లు కొట్టుకునేది.

ఆ ఏడాది పోర్టు చుట్టుపక్కల ఆఫీసులన్నీ కలిసి ఆటల పోటీలు పెట్టాయి. ఆడవాళ్లకి ఎప్పటిలాగే చెంచాలో నిమ్మకాయ, కుర్చీలాట. మేమంతా కలిసి వెళ్లి రింగు పెట్టమన్నాం. "ఆడేవాళ్లు ఉంటారా?" అని అడిగారు. మా వెనక నిలబడ్డవాళ్లని చూపించాను. పెట్టారు.

ఫైనల్ ఆదివారం పెట్టారు. జంటల ఆట. మేమిద్దరం ఒకవైపు, వేరే ఆఫీసువాళ్లు అటువైపు. వాళ్లిద్దరూ అప్పుడే కాలేజీ దాటినవాళ్లు, లేడిపిల్లల్లా ఉన్నారు. పిల్లల్ని తీసుకుని మా ఆయన వస్తానన్నాడు. తీరా చూస్తే అత్త కూడా దిగింది, నేత చీర కట్టుకుని, అన్నం క్యారేజీ చంకన పెట్టుకుని. "పిల్లల్ని ఈడొక్కడే సూడలేడు, అందుకొచ్చినాను," అంది.

మొదటి ఆట పోగొట్టుకున్నాం. వాళ్లు నా మీదకే, అదీ వెనక మూలకి విసురుతున్నారు, నేను పెద్దదాన్ని, పరుగెత్తలేనని. రెండో ఆటలో నేను ముందే వెనక్కి జరిగి నిలబడ్డాను. వాళ్లు విసిరిన ప్రతిదీ తిరిగి వాళ్ల వైపుకే వెళ్లింది. ఆ ఆట మాదైంది. మూడోదాంట్లో చివరిదాకా సరిసమానం. జాలరిపేట పిల్ల ఒకదానికోసం పడి, మోచెయ్యి గీరుకుని, లేచి తుడుచుకుని నిలబడింది. ఇంక ఒక్క పాయింటు. రింగు మా ఇద్దరి మధ్యకి వచ్చింది, ఎవరిదో తెలియలేదు. అప్పుడు షామియానా కిందనుంచి వినబడింది, మైదానమంతా తిరిగి చూసేలా:

"ఒగ్గీకే గుంటా! ఒగ్గీకు!"

వదల్లేదు. ఎడం చేత్తో పట్టి, నెట్టుని ఆనుకున్నట్టే అవతలికి జార్చాను. అటువాళ్లిద్దరూ వెనకెక్కడో ఉన్నారు.

ఆట పూర్తయ్యాక రిఫరీ మా అత్త దగ్గరికి వెళ్లి, ఆట జరుగుతుండగా అలా అరవకూడదమ్మా అన్నాడట. "అయిపోనాది కదా, ఇంక అరవనులే," అందట. నా చెమట తన కొంగుతో తుడుస్తూ, "నీ సిన్నప్పుడే మీ నాన్నతో అన్నాను, ఇది ఒక్కసోట కూకునే గుంట కాదురా అని," అంది. బస్సులో పక్కవాళ్లకీ, ముందువాళ్లకీ, కండక్టరుకీ నా గురించి చెప్పుకుంటూ ఊరికొచ్చింది.

ఆ తర్వాత కొన్నేళ్లకి మా ఆయన మిల్లు మానేసి స్టీలు ప్లాంటులో చేరాడు. మేం ద్వారకా నగర్ వెనక ఒక అద్దింటికి మారాం. నా ప్రయాణం చిన్నదైపోయింది, ఆయనది పెద్దదైపోయింది. తెల్లారగట్ల బస్సు, చీకటిపడ్డాక ఇల్లు. రెండేళ్లలో ఆయనకి పొట్ట వచ్చేసింది. ఒక ఆదివారం తెల్లవారుజామున, చొక్కా బొత్తాలు పట్టక తిప్పలు పడుతూ, "నాకూ నేర్పవే ఆ ఆట," అన్నాడు.

జాలరిపేట పక్కన ఇసకలోకి తీసుకెళ్లాను. పడవలు అప్పుడే ఒడ్డుకొస్తున్నాయి. చేపల గంపల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి బేరాలు ఆపేశారు. మొదటిది ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఒక సేత్తోనే బావా."

రెండోది చేతికి తగిలి మొహం మీద పడింది. మూడోది పట్టుకుని, తిరిగి విసరబోయి సముద్రంలోకి విసిరేశాడు. నేను నవ్వుతూనే చీర పైకి దోపుకుని, మోకాలి లోతు నీళ్లలోకి వెళ్లి అలలోంచి రింగు తీశాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన రొప్పుతూ, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇంక సాలా?" అన్నాను.

"సాలేటి? ఇసురు," అన్నాడు.