యానాంలో నాలుగో గోడకి వన్స్ మోర్

ఎనభైల మొదట్లో నేను అమలాపురంలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఆధునిక అమెరికన్ నాటకం నా పేపరు. వాస్తవికత అంటూ, అభివ్యక్తివాదం అంటూ, అసంబద్ధ నాటకం అంటూ బోర్డు నిండా గీతలు గీసి ఊదరగొట్టేవాణ్ణి కానీ, వాటిలో ఒక్కదాన్నైనా స్టేజీ మీద కళ్ళారా చూసిన పాపాన పోలేదు. అలాంటప్పుడు యానాం నుంచి దానియేలు కబురు పెట్టాడు. వాడు నాతో చదువుకున్నవాడు, అక్కడే ఫరంపేటలో బడిపంతులు, నాటకమంటే తిండి మానేసే రకం. అమెరికా వాళ్ళ పద్ధతిలో సొంతంగా తెలుగు నాటకం రాశాడట, శనివారం సాయంత్రం ఆడిస్తున్నాడట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నా కాలు నిలవలేదు.

ఇప్పుడైతే గౌతమి మీద వంతెన ఉంది, అమలాపురంలో బస్సెక్కితే యానాంలో దిగిపోవచ్చు. అప్పట్లో ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక దాకా బస్సు, అక్కడ రేవులో పంటు. పడవల మీద బల్లలు పరిచి మనుషుల్నీ సైకిళ్ళనీ అరటి గెలల్నీ కలిపి దాటించేవాళ్ళు. బస్సుకీ పంటుకీ కలిపి ఐదు రూపాయల నోటిస్తే చిల్లర మిగిలేది. పొద్దున్నే బయల్దేరితే ఎండెక్కేలోపు అవతలి ఒడ్డున ఉండవచ్చు. పంటు మీద గెడ వేసే ఆయన నన్ను పైనుంచి కిందకి చూసి, "యానాం ఏం పని మీదండీ?" అన్నాడు. నాటకం చూడ్డానికి అన్నాను.

"ఆయ్, అలాగేనండి. మందు అక్కడ చవకని ఎవరూ చెప్పరండి, అందరూ ఏదో ఒకటి చెప్తారు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం అంచున కూచోకండి బాబూ," అన్నాడు. పంటంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, ఏం చేస్తాను. ఆ రోజు నన్ను ఎవరేమన్నా కోపం వచ్చేలా లేదు.

రేవు నుంచి రిక్షాలో బజారు దాకా వెళ్ళి, మాణిక్యమ్మ అనే ఆవిడ నడిపే పూటకూళ్ళ ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. కొరమీను పులుసు, గోంగూర, వేడన్నం. నాటకం సంగతి ఎత్తగానే ఆవిడ గరిట పట్టుకునే ఆగిపోయింది.

"సత్తిరాజు గారు పద్యం పాడరంటగదండీ? ఈపు మనకేసి పెట్టి కూచుంటారంట. మరి ఎళ్ళి ఏం చూడాలండీ?" అంది.

ఆవిడ బాధ నాకు అర్థమైంది. సత్తిరాజు గారు అవతలి పల్లె నుంచి వచ్చి యానాంలో బట్టల కొట్టు పెట్టుకున్న మనిషి. పద్య నాటకాల్లో రాజు వేషాలకి పెట్టింది పేరు. ఆయన పద్యం ముగించి రాగం తీస్తే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు, ఆయన ఒక అడుగు ముందుకొచ్చి అదే పద్యం మళ్ళీ పాడతారు. యుద్ధం మధ్యలో ఉన్నా సరే, చచ్చిపోతూ ఉన్నా సరే, జనం అడిగితే లేచి పాడాల్సిందే. అలాంటి మనిషిని దానియేలు చేపలు పట్టే ముసలి తండ్రిగా కూర్చోబెట్టి, జనం కేసి చూడొద్దన్నాడు.

మధ్యాహ్నం స్కూలు ఆవరణలో దానియేలు దొరికాడు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. అమెరికా వాళ్ళు ప్రయత్నించినవన్నీ వాడూ వరసగా ప్రయత్నించాడట. మొదట అభివ్యక్తివాదమని మొహాలకి ముసుగులు తగిలించి డప్పులు కొట్టిస్తే పిల్లలు జడుసుకుని ఏడ్చారు. తరవాత సెట్టింగే లేని ఖాళీ స్టేజీ మీద ఆడితే, సామాను ఎప్పుడొస్తుందోనని జనం సగం నాటకం దాకా ఎదురుచూసి లేచిపోయారు. ఈసారి పక్కా వాస్తవికత. నిజం పొయ్యి, నిజం వల, నిజం వంట. నటులకీ మనకీ మధ్య కనిపించని నాలుగో గోడ ఒకటుందనుకోవాలి, వాళ్ళు మనల్ని చూడకూడదు.

"నాటకాల కమిటీ వాళ్ళు ఆఖరి అవకాశమన్నార్రా. ఇయ్యాల కూడా జనం లేచిపోతే వచ్చే ఏడు నుంచి పద్య నాటకాలే. ఇక నేను కట్టిపెట్టేయడవే," అన్నాడు. సత్తిరాజు గారు ఒక్కసారి జనం కేసి తిరిగితే చాలు, అంతా పోతుందని వాడి దిగులు. పక్కనే కుర్చీలో కూర్చున్న సత్తిరాజు గారిని ఎలా ఉందండీ అని అడిగాను. "నలభై ఏళ్ళు ఆళ్ళ మొహాలు చూసే బతికానండి. చూడకుండా ఉండాలంటే మెడ పట్టేసినట్టుందండి," అన్నారు.

సూర్యాస్తమయం అయ్యాక మొదలైంది. మూడు వైపులా చాపల మీద జనం. అడవిపొలం పేట నుంచి చేపల వేటకెళ్ళే కుటుంబాలు వచ్చి ముందు వరసలన్నీ ఆక్రమించేశాయి. దానియేలు చెల్లెలు రూతు కూతురి వేషంలో పొయ్యి వెలిగించి పులుసు పెడుతోంది. చింతపండు వాసన మా దాకా వచ్చింది. ఇన్నేళ్ళు నేను పాఠంలో చెప్పిన మాటలకి వాసన ఉంటుందని ఎవరనుకున్నారు? ఇంతలో చాపల మీంచి ఎవరో ఆడమనిషి, "ఉప్పెయ్యలేదమ్మా," అని కేకేసింది. రూతు వినపడనట్టే ఉంది. "చూశావా," అని దానియేలు నన్ను మోచేత్తో పొడిచాడు.

కథ చిన్నదే. తోటివాడు సముద్రంలో పోయాక తండ్రి వేటకి వెళ్ళడం మానేశాడు. వల చిరిగిందంటాడు, గాలి బాగాలేదంటాడు. కూతురు నిలదీస్తుంది. చివరికి సత్తిరాజు గారు వల మీంచి తలెత్తకుండా అన్నారు: "నాకు నీళ్ళంటే బయ్యమేస్తందే అమ్మా."

తరవాత వెనక వరసల్లోంచి "వన్స్ మోర్" అని ఒక గొంతు. ఆ వెంటనే పది, ఆపైన ఆవరణంతా. పద్యానికి అడగడం నాకు తెలుసు, మామూలు మాటకి అడగడం అదే మొదలు. సత్తిరాజు గారి భుజాలు అలవాటుగా నిటారుగా లేచాయి. గొంతు సవరించుకున్నారు. కుడిపాదం జనం వైపు తిరిగింది. దానియేలు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అయిపోయింది," అన్నాడు.

అప్పుడు రూతు పొయ్యి దగ్గర్నుంచి లేచింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి ఆయన ముందు గొంతుక్కూర్చుంది.

"ఇనపళ్ళేదు నాన్నా. మళ్ళీ చెప్పు."

సత్తిరాజు గారు ఆగారు. తిరిగిన పాదం వెనక్కి తీసుకున్నారు. కూతురి మొహంలోకి చూస్తూ, ఈసారి రాజు గొంతు ఛాయలు కూడా లేకుండా, "బయ్యమేస్తందే," అన్నారు. ముందు వరసలో ఒక ముసలాయన "మరే" అన్నాడు, పక్కవాడితో చెబుతున్నట్టు. ఆయన పక్కనున్న ముసలామె ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. ఇక వన్స్ మోర్ ఎవరూ అడగలేదు, నాటకం ముగిసేదాకా ఎవరూ లేవనూ లేదు. నా కళ్ళు తడిశాయి, సిగ్గేం లేదు చెప్పడానికి.

అంతా అయ్యాక కమిటీ పెద్దాయన వచ్చి, "వచ్చే ఏడు ఏవాడతన్నావు పంతులూ?" అని అడిగారు. సత్తిరాజు గారు వలలోంచి కాళ్ళు విడిపించుకుంటూ నాతో, "పద్యం వందసార్లు రెండోసారి పాడానండీ. మొదటిసారి కన్నా రెండోసారి నిజంగా అన్నది మాత్రం ఇయ్యాలేనండి," అన్నారు.

నాలుగో గోడ జనాన్ని దూరం పెట్టడానికని నేను క్లాసులో చెబుతూ వచ్చాను. ఆ రాత్రి గోడ పడలేదు, జనం కోరికా ఆగలేదు. ఎక్కడో అమెరికాలో పుట్టిన పద్ధతికి యానాం జనం తమ హక్కు జోడించారు, రూతు ఆ హక్కుని కథలోకే రానిచ్చింది. సోమవారం క్లాసులో నేను బోర్డు ముట్టుకోలేదు, ఈ కథే చెప్పాను.

మీరూ ఆ వైపు నాటకం చూడ్డానికి వెళ్తుంటే ఒక్క సలహా. తిరుగు ప్రయాణం మర్నాటికే పెట్టుకోండి. నచ్చిన మాటని మళ్ళీ చెప్పించుకునే జనం ఉన్నచోట నాటకం అనుకున్న వేళకి ముగియదు.