సూదిలో దారం ఎక్కినంతకాలం

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె డేగకళ్ళావిడే. చిరిగిన బట్ట మడతల్లోంచే పోగులు లాగి, చిరుగు ఎక్కడుండేదో తొడుక్కునేవాళ్ళకే గుర్తు రానంత నున్నగా అల్లేసేది. రఫూ పనిలో ఆమెకు సాటి లేరని పక్కకొట్టు దర్జీ కూడా ఒప్పుకునేవాడు, కాకపోతే ఆమె వినకుండా.

వాళ్ళమ్మకు నడివయసులోనే చూపు పోయింది. "మన ఇంటి ఆడవాళ్ళ నుదుట ఇంతే రాశాడే" అంటూ గోడలు తడుముకుంటూనే ఆ తల్లి వెళ్ళిపోయింది. ఆ మాట కూతురి చెవిలో జోరీగలా మిగిలిపోయింది. అందుకే పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే అన్నిటికంటే సన్నని సూదిని వెలుగుకేసి పట్టి దారం ఎక్కించేది. ఒక్క దెబ్బకు ఎక్కిందా, ఆ రోజుకు దేవుడి మీద గెలిచినట్టే.

ఒకనాడు చెల్లెలు పరుగున వచ్చింది. కళ్ళ డాక్టరు చెల్లెలికి నీటికాసుల జబ్బని తేల్చి, రోజూ వేసుకోమని చుక్కలమందు ఇచ్చాడు.

"అమ్మకొచ్చింది కూడా ఇదేనట అక్కా. తోబుట్టువులు చూపించుకోవాలన్నాడు. పద, ఇప్పుడే వెళ్దాం."

"నాకేం మాయరోగం?" అంటూ అక్క సూదిలో దారం ఎక్కించి చెల్లెలి ముక్కు ముందు ఆడించింది. "నీ కళ్ళ సంగతి నువ్వు చూసుకో తల్లీ. ముందు నా చీర రంగేంటో చెప్పు!"

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత చెల్లెలు ఎన్నోసార్లు అడిగింది, బతిమాలింది, అలిగింది కూడా. అక్క కదల్లేదు.

అప్పటికే ఆమె భుజాలు ద్వారబంధాలకు కొట్టుకుంటున్నాయి. పక్కనే పెట్టుకున్న మంచినీళ్ళ గ్లాసు చేయి తగిలి దొర్లేది. అదంతా పరధ్యానమే అనేది. ఆ జబ్బు చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుందనీ, నడిమి చూపును చివరిదాకా ముట్టదనీ ఆమెకు తెలియదు. సూది ఎప్పుడూ కళ్ళకు ఎదురుగానే ఉంటుంది మరి. నిజం చెప్పాలంటే, ఏదో తేడా వచ్చిందని లోలోపల తెలుసు. డాక్టరు నోట వింటే అది నిజమైపోతుందని భయం. పైగా డేగకళ్ళావిడ కళ్ళాసుపత్రి బల్ల మీద కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు?

ఒక మధ్యాహ్నం పాత ఉన్నికోటు బాగుచేసి, ఇస్త్రీ చేసి, పెట్టెను పక్కన పెట్టాననుకుంది. పెట్టింది కోటు చేతి మీద. కమురు వాసన వచ్చేదాకా ఆమెకు తెలియలేదు. కోటు కోసం వచ్చిన మనిషి అరవలేదు. "మా నాన్నదండీ" అని మాత్రం అన్నాడు. మర్నాడు ఆమె చెల్లెలి వెంట ఆసుపత్రికి వెళ్ళింది.

డాక్టరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పోయిన చూపు తిరిగి రాదన్నాడు, చెల్లెలితో పాటే వచ్చి ఉంటే చాలావరకు నిలిపేవాళ్ళమన్నాడు. మందు వేసుకుంటూనే ఉంది, అయినా కొన్నాళ్ళకు మిగిలిన ఆ కాస్తా కూడా ఆరిపోయింది.

"మన తలరాత అక్కా, ఏం చేస్తాం" అంది చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ.

"ఆ రాత నీకూ రాశాడుగా. నువ్వు వెళ్ళావు, నేను వెళ్ళనన్నాను. ఆ వెళ్ళననే మాట ఆయన రాయలేదే, నేనన్నాను."

ఇప్పుడు కొట్టు ఆమె కూతురు చూసుకుంటోంది. పనితనం తల్లిదే, పొగరూ తల్లిదే. ఒకరోజు తల్లి మెల్లగా కదిపింది.

"నువ్వోసారి కళ్ళు చూపించుకోవే."

"నాకేంటమ్మా, శుభ్రంగా కనిపిస్తుంటే! ఇదిగో, ఒక్క దెబ్బకి ఎక్కించా, కావాలంటే పట్టుకు చూడు" అని కూతురు నవ్వుతూ సూదిని తల్లి చేతిలో పెట్టింది.

తల్లి వేళ్ళతో తడిమింది. దారం ఎక్కే ఉంది. చూపు పోయిన రోజున కూడా ఏడవని మనిషి భోరుమంది. కూతురు బెదిరిపోయి దగ్గరికి వచ్చింది. తల్లి సూదిలోంచి దారం లాగేసి, చేయి చాచి కూతురి భుజం వెతికి పట్టుకుంది.

"కొట్టు మూసెయ్. పద, నేనూ వస్తా."